ఉపాసన: కలకత్తా క్రైస్తవ దేవాలయముల కథ

వంగదేశపు ప్రొటెస్టంటు క్రైస్తవులు ఆదివారము నాడు దేవాలయములో కూడి చేయు ప్రార్థనను ఉపాసన అంటారు. బ్రహ్మసమాజము వారికిని అదే మాట. అక్కడి కథోలికులు క్రీస్తుయాగమంటారు. తెలుగునాట ప్రొటెస్టంటులకు అది ఆరాధన, కథోలికులకు దివ్యబలిపూజ. ఒక్క క్రియకు ఇన్ని పేర్లు ఏర్పడుట భాషల దారిద్ర్యము వలన కాదు. ఆ క్రియకు ఇన్ని ముఖములు ఉండుట వలన. యాగమన్నప్పుడు అర్పణము ముందుకు వచ్చును. పూజ అన్నప్పుడు విధి, ఆరాధన అన్నప్పుడు ప్రీతి కలిగించుట. ఉపాసన మాత్రము అన్నిటికంటె సామాన్యమైన మాట. దాని వ్యుత్పత్తిలో ధూపము లేదు, దీపము లేదు, మంత్రము కూడ లేదు. దగ్గర కూర్చుండుట, అంతే.

బైబిలు మూలభాషలను విచారించినచో ఈ చర్చ ఇంకను రసవంతమగును. హీబ్రూలో ‘అవోదా’ అను మాట పొలములో కూలివాడు చేయు పనికిని, యజమానుని యింట దాసుడు చేయు చాకిరికిని, ఆలయములో యాజకుడు జరుపు కైంకర్యమునకును ఒక్కటే. గ్రీకులో ‘లైటూర్గియా’ అనగా మొదట పౌరుడు తన ఊరి జనము కొరకు చేసిపెట్టు పని. తరువాతనే అది దేవాలయ విధికి పేరైనది. ఇంగ్లీషులో ‘వర్షిప్’ అను మాటకు మూలార్థము విలువను గుర్తించుట. ఈ మూడింటిని ఒక్క ధాతువులో ఇముడ్చుకొన్న భాష తెలుగు అనినచో అది అభిమానముతో పలికిన మాట కాదు. కొలుచుట అనగా పూజించుట. కొలుచుట అనగా పరిమాణమును, విలువను నిర్ణయించుట. కొలువు అనగా ఉద్యోగము, సేవ. సుప్రభాతసేవ మొదలు ఏకాంతసేవ వరకు గుడిలో జరుగునదియు సేవయే. మంచము పట్టినవానికి చేయునదియు సేవయే. ఇట్టి సంపద ఉండి కూడ తెలుగు క్రైస్తవులు ‘కొలువు’ను తమ ప్రార్థనకు పేరుగా గ్రహింపకపోవుట కొంత చింతింపదగిన విషయము.

అయినను ఇక్కడ విచారింపవలసినది వంగ క్రైస్తవుల మాట. దగ్గర కూర్చుండుట అనగా ఎవరి దగ్గర? దేవుని దగ్గర అని వెంటనే సమాధానము వచ్చును. కాని దేవాలయము ఏకాంత గుహ కాదు. అక్కడ కూర్చున్నవాని ప్రక్కన మరియొకడు కూర్చుండును. ఆ ప్రక్కవాడు ఎవడు కావచ్చును, ఎవడు కారాదు అను ప్రశ్నకు కలకత్తా నగరము రెండు శతాబ్దములకు పైగా సమాధానములు చెప్పుచు వచ్చినది. 2001లో ఆ నగరము అధికారికముగా కోల్‌కతా అయినది. ఈ కథ చాలవరకు కలకత్తా నాటిది.

కంపెనీ దొరల కొరకు కట్టిన సెయింట్ జాన్స్ దేవాలయమునకు 1784లో శంకుస్థాపన జరిగి 1787లో ప్రార్థనలు ఆరంభమైనవి. దానికి స్థలమును దానము చేసినవాడు శోభాబజారు మహారాజా నవకృష్ణదేవ్. రాళ్లు శిథిలమైన గౌడ నగరము నుండి వచ్చినవి. అందువలన నగరవాసులు దానిని రాతి గిర్జా అన్నారు. భూమి హిందువుది, శిల ముస్లిము సుల్తానుల రాజధానిది. లోపల కూర్చున్నవారు మాత్రము ఆంగ్లేయులు. జర్మనీలో పుట్టి ఇంగ్లండులో పేరు పొందిన చిత్రకారుడు జొఫానీ ఆ దేవాలయమునకు క్రీస్తు కడపటి విందును చిత్రించి ఇచ్చినాడు. ఆ చిత్రమునందలి శిష్యులకు కలకత్తా నగరములోని తెల్లవారి ముఖములనే వాడినాడు. యూదాకు నమూనాగా ఒక వేలము వ్యాపారిని తీసికొన్నాడనియు, అందుకు అతడు మండిపడినాడనియు నగరములో చాలకాలము చెప్పుకొన్నారు. క్రీస్తు ముఖము ఒక గ్రీకు గురువుది. చిత్రమున భారతీయమైనవి కూడ కొన్ని ఉన్నవి: ఒక ఉమ్మితమ్మ, ఒక తల్వారు, నీళ్లు మోయు భిస్తీ వాని తోలుతిత్తి. తిత్తి ఉన్నది, భిస్తీ లేడు. జొఫానీ ఇది ఉద్దేశించి చేసినాడని ఎవరును అనరు. ఉద్దేశము లేకుండుటయే అందలి సత్యము. ఆ విందులో ఆ దేశస్థునికి చోటు ఉండవచ్చునను ఊహ ఆ కాలపు గదిలోనికి రాలేదు.

1813 వరకు కంపెనీ తన రాజ్యములో మిషనరీలకు స్వేచ్ఛ ఇయ్యలేదు. దాని దేవాలయములు దాని ఉద్యోగుల కొరకు. 1814లో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా మిడిల్‌టన్ వచ్చిన పిమ్మట స్కాట్లండు సంఘమునకును అతనికిని దేవాలయ శిఖరము ఎత్తు విషయమున వివాదము కలిగినది. 1818లో తెరచిన సెయింట్ ఆండ్రూస్ శిఖరముపై స్కాట్లండు గురువు బ్రైస్ ఒక కోడిపుంజు ప్రతిమను నిలిపినాడనియు, అది బిషప్పు తలపై కూత వేయుటకే అనియు కథ ఉన్నది. కోడి కూతతో పేతురునకు కలిగిన పశ్చాత్తాపము ఈ పోటీలో ఎవరికిని స్ఫురించినట్లు లేదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ దేవాలయములలో ప్రసంగము సాగుచుండగా పైన పంఖాలు ఊగెడివి. వాని త్రాటిని లాగువాడు ఎవడో ప్రార్థన పుస్తకములో ఏ పుటయు చెప్పదు.

ఈ సమయముననే హుగ్లీ నదికి ఎగువను, డేనిషు వారి ఏలుబడిలోని శ్రీరామపురములో మరియొక కథ జరుగుచున్నది. విలియం కేరీ 1800 జనవరిలో అక్కడికి చేరినాడు. ఆ సంవత్సరము చివర కృష్ణపాల్ అను వడ్రంగి చేయి కీలు తప్పగా మిషనుకు చెందిన వైద్యుడు తామస్ దానిని సరిచేసినాడు. పరిచయము అక్కడ మొదలైనది. డిసెంబరు 28న నదిలో కృష్ణపాల్ బాప్తిస్మము పొందినాడు. అదే దినమున, అదే నీటిలో, అతనితోపాటు కేరీ కుమారుడు ఫీలిక్సు కూడ బాప్తిస్మము పొందినాడు. చరిత్రకారులు దీనిని శ్రీరామపురము మిషనుకు లభించిన మొదటి వంగ క్రైస్తవుని బాప్తిస్మముగా చెప్పుదురు. కాని ఊరిలో అలజడి లేచినది బాప్తిస్మమునకు కాదు, దానికి ముందే. కొన్ని దినముల క్రితము కృష్ణపాల్ మిషనరీలతో కలిసి భోజనము చేసినాడు. ఆ వార్త పొక్కగానే జనము గుమిగూడి అతనిని డేనిషు న్యాయాధికారి ఎదుటికి ఈడ్చుకొని పోయినారు. ఆయన అతనిని విడిచిపెట్టినాడు. గంగలో మునుగుట ఆ నేలకు క్రొత్త కాదు. క్రొత్తది పంక్తి. శ్రీరామపురము వారు ఆరంభము నుండియు ఒక నియమమును విడువలేదు: ప్రభురాత్రి భోజనమునకు వచ్చినవాడు, బ్రాహ్మణుడైనను శూద్రుడైనను, ఒకే పాత్రలో త్రాగవలెను.

కృష్ణపాల్ పాటలు కట్టినాడు. అందులో ఒకదానిని జాషువా మార్ష్‌మన్ ఇంగ్లీషులోనికి మార్చగా అది ఇంగ్లండు దేవాలయముల కీర్తన గ్రంథములలో చేరినది. అనువాద చరిత్రను వ్రాయువారు సామాన్యముగా పడమట నుండి తూర్పునకు వచ్చిన గ్రంథములనే లెక్కింతురు. ఒక వడ్రంగి పాట ఎదురు దిక్కున ప్రయాణము చేసి లండను భక్తుల నోట పలికినదను సంగతి ఆ లెక్కలో చేరవలసి ఉన్నది.

తెలుగువారికి శ్రీరామపురముతో ఉన్న సంబంధము కూడ చిన్నది కాదు. విశాఖపట్టణమున డెగ్రాంజి మొదలగువారు సిద్ధపరచిన సువార్తలు 1812లో అక్కడ అచ్చైనవి. ఆ సంవత్సరమే మార్చి 11న ముద్రణశాల అగ్నికి ఆహుతియై, తెలుగు అచ్చులు, వ్రాతప్రతులు కూడ కాలిపోయినవి. కేరీ మరల మొదలుపెట్టినాడు. 1814లో అతని తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడినవి. ఆ క్రొత్త నిబంధనలోని తెలుగు నేటి పాఠకునకు కష్టముగా తోచును. ఆనాటి పాఠకునకును కొంత కష్టముగానే తోచి ఉండును. కాని దేవునితో తెలుగున మాటలాడవచ్చునను అనుమతి పత్రము వంటిది ఆ గ్రంథము.

భాష మారిన మాత్రమున ప్రక్కవాడు మారునా? మారడని దక్షిణదేశము చెప్పినది. తంజావూరు ప్రాంతపు పాత లూథరన్ సంఘములలో తమిళ ప్రార్థన ఒక శతాబ్దము నుండి సాగుచున్నది. అయినను దేవాలయములో వెళ్లాళులకు ఒక వైపు, పరయలకు ఒక వైపు. ప్రభు భోజనమునకు ముందు ఒకరు, తరువాత ఒకరు. 1833 జూలైలో కలకత్తా బిషప్పు డానియల్ విల్సన్ ఈ భేదములు వెంటనే, సంపూర్ణముగా పోవలెనని ఉత్తరువు పంపినాడు. ఆ ఉత్తరువు చదివినప్పుడు ఎందరో లేచి వెలుపలికి పోయినారు. ఈ విషయమున సాహిత్యపరులు గమనింపవలసినది ఒకటి కలదు. తమిళ క్రైస్తవ కవులలో అగ్రగణ్యుడైన వేదనాయక శాస్త్రి 1820ల చివరనే ఈ సంస్కరణమును ఎదిరించి వ్రాసినాడు. అతని పాటలు నేటికిని ఆ సంఘములలో పాడుచున్నారు, పాడదగినవి కూడ. కవి కంఠము శుద్ధమైనంత మాత్రమున అతడు కూర్చుండు బల్ల శుద్ధమగునని చెప్పుటకు వీలులేదు. విల్సన్ పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. తంజావూరు పంక్తిని సరిదిద్దబూనిన ఆ బిషప్పు తన నగరములోని తెల్లవారి దేవాలయములలో నల్లవాడు ఎక్కడ కూర్చుండవలెనని అంత కటువుగా అడిగినట్లు కానరాదు. అతడు 1839లో పునాది వేసిన సెయింట్ పాల్స్ మహాదేవాలయము 1847లో పూర్తియై, కలకత్తా ఆంగ్లికనులకు ప్రధానాలయమైనది.

నగరములో చదువుకొన్న వంగయువకులు ఇంతలో మరియొక మార్గమున క్రైస్తవమును సమీపించినారు. డిరోజియో ప్రభావమున పెరిగిన కృష్ణమోహన బంద్యోపాధ్యాయుడు 1832లో బాప్తిస్మము పొంది, 1839 నుండి కార్న్‌వాలిస్ స్క్వేరులోని క్రైస్ట్ చర్చిలో వంగభాషలో ఉపాసన నడపినాడు. 1843 ఫిబ్రవరి 9న ఓల్డ్ మిషన్ దేవాలయములో మధుసూదన దత్తు మైకేలు అయినాడు. అతనికి క్రీస్తుకంటె ఇంగ్లండు మీద మక్కువ ఎక్కువయని కొందరు విమర్శకులు అన్నారు. ఆ విచారణ ఇక్కడ అనవసరము. కాని 1873లో అతడు మరణించినప్పుడు, అతని భౌతికకాయమునకు భూమిలో చోటిచ్చుటకు సంఘ పెద్దలు తటపటాయించినారనియు, శవము వేచియుండవలసి వచ్చినదనియు జీవితచరిత్రకారులు వ్రాసినారు. ‘మేఘనాదవధ’ కవికి ప్రక్కన పడుకొనుటకు కూడ అనుమతి కావలసి వచ్చినది.

ఈ తరమువారికి ఒక ప్రశ్న స్పష్టముగా తోచినది. క్రీస్తును అంగీకరించుటకు ఇంగ్లండు సంఘముల పేర్లు, కలహములు, బల్లలు, టోపీలు కూడ అంగీకరింపవలెనా? కేశవచంద్ర సేనుడు క్రైస్తవుడు కాలేదు. కాని 1881 మార్చిలో తన నవవిధాన సమాజమున ప్రభు భోజనమును రొట్టె, ద్రాక్షారసములకు బదులు అన్నము, నీళ్లతో జరిపినాడు. మిషనరీలకు అది అపచారముగా తోచినది. తర్కమును బట్టి చూచినచో పాలస్తీనా పేదవాని నిత్యాహారము రొట్టె అయినట్లే వంగదేశపు పేదవాని నిత్యాహారము అన్నము. 1887లో కాళీచరణ బంద్యోపాధ్యాయుడు, జయగోవింద సోముడు కలిసి శాఖాభేదములు లేని క్రీస్తో సమాజమును స్థాపించినారు. అది ఎక్కువ కాలము నిలువలేదు. కాని ఇరువదవ శతాబ్దిలో దక్షిణ, ఉత్తర భారత సంఘములుగా ఏర్పడిన ఐక్యతకు అది ముందుమాట.

ఈ చరిత్రలో మిక్కిలి విషాదకరమైనది బ్రహ్మబాంధవ ఉపాధ్యాయుని జీవితము. 1861లో భవానీచరణుడుగా పుట్టి, బ్రహ్మసమాజమున తిరిగి, 1891లో క్రైస్తవుడై, అదే సంవత్సరము కథోలిక సంఘమున చేరినాడు. కాషాయము ధరించినాడు. తన ‘సోఫియా’ పత్రికలో 1898లో ‘వందే సచ్చిదానందమ్’ అను సంస్కృత స్తోత్రమును ప్రకటించినాడు. సత్తు, చిత్తు, ఆనందము అను వేదాంత పదత్రయమును పిత, పుత్ర, పవిత్రాత్మలకు అన్వయించిన రచన అది. దానిలోని సాహసము ఒక విశేషణమునకు మరియొక విశేషణము చేర్చుటలో లేదు. ఉపాసకుడు తన తాతతండ్రులు కూర్చున్న చాప మీదనే కూర్చుండి క్రీస్తును చూడవచ్చునను ధైర్యములో ఉన్నది. నర్మదా తీరమున కథోలిక సన్న్యాసుల మఠము ఒకటి స్థాపింపవలెనని అతడు చేసిన యత్నమునకు సంఘాధికారులు అనుమతింపలేదు. అతని పత్రికను కథోలికులు చదువరాదని నిషేధము వచ్చినది. 1901లో రవీంద్రుని శాంతినికేతన పాఠశాల ఆరంభమునకు తోడ్పడినాడు. పిదప ‘సంధ్య’ పత్రికాధిపతియై, రాజద్రోహ విచారణ నడుచుచుండగనే 1907లో కలకత్తా ఆసుపత్రిలో కన్నుమూసినాడు. దేహమును హైందవ విధిని దహనము చేసినారు. 1960ల తరువాత ఆ స్తోత్రమునే కథోలిక దేవాలయములలో పాడజొచ్చినారు. అనుమతి రచనకు లభించినది, రచయితకు లభింపలేదు.

బ్రహ్మబాంధవుడు సంస్కృతమున చేయదలచినదానిని అంతకు ఎన్నో సంవత్సరముల ముందే తెలుగున, ఏ చర్చయు లేకుండ, ఒకడు చేసి చూపినాడు. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతమున పుట్టినాడు. వంశము వంగదేశము నుండి వచ్చిన బ్రాహ్మణ కుటుంబము. 1833లో కటకమున బాప్తిస్మము పొందినాడు. అతడు ఇంగ్లీషు బాణీలను అనుకరింపలేదు. రాగము, తాళము, పల్లవి, చరణములు గల కీర్తననే ఎత్తుకొన్నాడు, శతకములు వ్రాసినాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథము ఏ శాఖవారి చేతిలో ఉన్నను అందులో అతడు ఉండును. సంఘములు విడివిడిగా కూర్చున్న కాలములో కూడ అతని కీర్తనలను కలిసి పాడినట్లే.

కలకత్తాకు తెలుగునాటితో గల సంబంధములలో ముఖ్యమైనది 1912 డిసెంబరు 29న సెయింట్ పాల్స్ మహాదేవాలయములో జరిగినది. ఆ దినమున వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్లుకు బిషప్పుగా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘమున అతడు మొదటి భారతీయ బిషప్పు. పుట్టుక తిరునల్వేలి ప్రాంతమున. తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెలలో తిరిగినాడు. 1905 డిసెంబరు 25న శ్రీరామపురములో, కేరీ గ్రంథాలయములో, దేశీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో అతడు ఒకడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనరీలను సంబోధించి అతడు చేసిన ఉపన్యాసము ఇప్పటికిని చెప్పుకొనబడుచున్నది. మీరు మా కొరకు ధనము ఇచ్చినారు, ప్రాణములు ఇచ్చినారు, కాని మాకు కావలసినది స్నేహితులు అని దాని సారాంశము. భారతీయ క్రైస్తవుని మిషనరీ తన యింట భోజనపు బల్ల వద్దకు ఎన్నిసార్లు పిలిచినాడు అని ఆ సభలో అడుగుటకు ధైర్యము కావలెను. కొందరు శ్రోతలు కినిసినారు. జొఫానీ చిత్రము వేలాడిన నగరముననే, రెండు సంవత్సరముల పిదప, అతడు బిషప్పు అయినాడు.

దోర్నకల్లులో అజరయ్య కట్టించిన మహాదేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. గుమ్మటములు మసీదును, స్తంభములు హిందూ మంటపమును తలపించును. వాస్తువు ముచ్చటైనది, కాని అతని పని అసలు బరువు అక్కడ లేదు. అతని సంఘములలో ఎక్కువవారు మాలలు, మాదిగలు. వారి పూర్వులకు ఏ గుడిలోను ప్రవేశము లేదు. అట్టివారికి ఆరాధన యొక్క మొదటి అర్థము సిద్ధాంతము కాదు, గడప దాటుట. 1878 జూలై 3న ఒంగోలు మిషను పరిధిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారనగా, దానిని కరవు కాలపు అన్నముతో మాత్రమే వివరించువారు ఈ గడపను మరచుచున్నారు. ఆ గడప దాటిన తరువాత మాల పల్లెలోని సంఘము, మాదిగ పల్లెలోని సంఘము వేరువేరుగా కూర్చున్న ఊళ్లు కూడ ఉన్నవి. అజరయ్య దానితో జీవితమంతయు పోరాడినాడు. 1945 జనవరి 1న మరణించునాటికి పోరాటము ముగియలేదు. హైందవ విద్య నేర్చినందుకు క్రైస్తవులును, పుట్టుకను బట్టి హిందువులును దూరముగా ఉంచిన గుఱ్ఱం జాషువ 1941లో ‘గబ్బిలము’ను వెలువరించినాడు. అందులో శివుని గుడిలోనికి పోగలిగినది గబ్బిలము. దానిని పంపినవాడు పోలేడు. ఆ కవి ‘క్రీస్తు చరిత్ర’కే 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘము ఏర్పడిన పిమ్మట, 1950లో వెలువడిన దాని ప్రభు భోజన విధిలో ఒక చిన్న క్రియను చేర్చినారు. గురువు ఎదుటివాని చేతులను తన చేతులలోనికి తీసికొని సమాధానమును అందించును. అతడు ప్రక్కవానికి, ఆ ప్రక్కవాడు ఇంకొకనికి, అట్లు అది సంఘమంతయు ప్రాకును. సిరియను క్రైస్తవుల ప్రాచీనాచారము నుండి వచ్చిన ఈ క్రియను పిదప పశ్చిమ దేశముల సంఘములు కూడ మెచ్చుకొన్నవి. ముట్టుకొనుట అపచారమైన దేశములో ప్రార్థన నడుమ ప్రక్కవాని చేయి పట్టుకొనవలెనని విధించుట ఎంత మాటయో, ఆ పశ్చిమ దేశీయులకు పూర్తిగా అర్థమై ఉండదు. ఉత్తర భారత సంఘము 1970లో ఏర్పడినప్పుడు సెయింట్ పాల్స్, సెయింట్ జాన్స్, స్కాట్లండువారి సెయింట్ ఆండ్రూస్ ఒకే సంఘమునకు చెందినవి అయినవి. కోడిపుంజు వివాదము అట్లు తీరినది, 150 సంవత్సరములకు పైగా ఆలస్యముగా.

కథోలికులలో రెండవ వాటికన్ సభ 1963 డిసెంబరు 4న ఆరాధనా సంస్కరణ శాసనమును వెలువరించి దేశభాషలకు ద్వారము తెరచినది. 1969లో భారతదేశమునకు 12 అంశములలో మార్పులు అనుమతించినారు. చెప్పులు విడిచి నేలపై కూర్చుండవచ్చును. మోకాలు వంచుటకు బదులు అంజలి ఘటింపవచ్చును. క్రొవ్వువత్తికి మారు నూనె దీపము, హారతి ఉండవచ్చును. ఈ మార్పులను గూర్చి వచ్చిన కలహము ఇంకను సమసిపోలేదు. హారతి చూచి ఇది హైందవమని ఉలికిపడిన క్రైస్తవులలో దళితులును ఉన్నారు. వారి ఉలికిపాటును ఛాందసమని త్రోసివేయరాదు. ఏ గుడి నుండి తమను వెళ్లగొట్టినారో ఆ గుడి ఉపకరణములనే తిరిగి తెచ్చి ఇది మన సంస్కృతి అని ఎదుట పెట్టినచో, ఎవరి సంస్కృతి అని వారు అడుగుట న్యాయమే. బ్రహ్మబాంధవుని చాప అందరి తాతలదియు కాదు.

పూర్తిగా అర్థమగు భాష, స్వదేశీయమైన రూపము ఉన్నప్పుడే ఆరాధన సత్యమగునని కూడ తొందరపడరాదు. 1724లో కట్టిన ఆర్మేనియనుల నజరేతు దేవాలయము కలకత్తాలో నేడు నిలిచియున్న క్రైస్తవ దేవాలయములలో ప్రాచీనమైనదిగా పేరుపొందినది. వారి విధి వాడుకలో లేని ప్రాచీనార్మేనియను భాషలో సాగును. క్రిస్మసు వారికి జనవరి 6. స్వదేశము నుండి చెదరిపోయిన ఆ జాతికి, ప్రతి పదము తెలియకున్నను, ఆ ధ్వనిలోనే ఒకరి ప్రక్కన ఒకరు ఉండుట సాధ్యమైనది. అట్లని లాటిను పోగొట్టుకొన్నందుకు విచారింపవలసిన పని తెలుగు పల్లెలకు లేదు. అవసరములు వేరు.

1952 ఆగస్టు 22న కాళీఘట్టములో, కాళికాలయమునకు ప్రక్కనే నగర కార్పొరేషను ఇచ్చిన యాత్రికుల సత్రములో, మదర్ థెరిసా నిర్మల హృదయమును ప్రారంభించినది. వీధిలో చనిపోవుచున్నవారిని తెచ్చి పరుండబెట్టిన ఆ గృహమును గూర్చి వ్రాయవలసినదంతయు వ్రాసినారు. వైద్యము చాలదను విమర్శ కూడ వచ్చినది, దానిలో సత్యము లేకపోలేదు. ఇక్కడ గమనింపవలసినది వేరు. ఆమె స్థాపించిన సంఘమున సోదరీమణుల దినము తెల్లవారుజామున బలిపూజతో మొదలగును. వారి ప్రార్థనాలయములలో శిలువ ప్రక్కన క్రీస్తు తన కడపటి ఘడియలో దప్పిక చెప్పుకొన్న పలుకును వ్రాసియుందురు. ఆ ప్రార్థన ముగియగానే వారు పోవునది దప్పిగొన్నవాని మంచము వద్దకు. హీబ్రూ ‘అవోదా’ను తెలుగు ‘సేవ’గా అనువదింపవచ్చునా అను పండిత చర్చకు అక్కడ అవకాశమే లేదు, రెండును ఒకే చేతులు చేయుచున్నవి. పొరుగు గుడిలోని అర్చకులు మొదట ఆమె రాకకు ఆక్షేపించినారనియు, వారిలో ఒకనికి క్షయ ముదిరినప్పుడు ఆ గృహముననే పరిచర్య జరిగినదనియు చెప్పుదురు.

నేటి క్రైస్తవ సంఘములలో, తెలుగునాట మరింతగా, ఆరాధన అను మాట అర్థము కుంచించుకొని పోవుచున్నది. ప్రసంగమునకు ముందు వాద్యములతో సాగు పాటల భాగమునకే ఆ పేరు స్థిరపడుచున్నది. పాట ఉచ్చస్థాయికి చేరినప్పుడు ఆరాధన బాగుగా జరిగినది అంటారు. పాటను నిందింప పనిలేదు. పురుషోత్తమ చౌదరి వారసులు పాడకుందురా? కాని దీపములు ఆర్పి, వేదిక మీద మాత్రము వెలుగు నిలిపి, ధ్వనిలో మునిగినవానికి ప్రక్కన ఎవరు నిలుచున్నారో కనబడదు. కేరీ, అజరయ్య, ఆ 1950 విధిని కూర్చినవారు కష్టపడి వెలిగించినది ఆ ప్రక్కవాని ముఖము మీది దీపమునే.

కలకత్తా వాసులు క్రిస్మసును బడోదిన్ అంటారు. డిసెంబరు 24 రాత్రి సెయింట్ పాల్స్ మహాదేవాలయమునకు వచ్చు జనములో క్రైస్తవులకంటె ఇతరులే ఎక్కువ. పిల్లలను భుజములపై మోయుచు, పార్కు స్ట్రీటు దీపములు చూచి నడచి వచ్చినవారు, ద్వారము వద్ద చాలసేపు బారులు తీరి నిలుతురు. అందులో పెక్కుమంది చూచి పోవుటకు వచ్చినవారే. కొందరు కూర్చుందురు.